కుండమార్పిడి

రాత్రి పదింటికి జీడిమెట్లల
మా ట్యాంకులకు నీళ్లొస్తయి,
అద్దకపు కార్ఖానా చేతులు కడుక్కున్న నీళ్లు.
ఒక్కోనాడు బీట్‌రూటు రసం,
ఒక్కోనాడు మాడిన బెల్లం పాకం,
మొన్న మంగళవారం మాత్రం అచ్చం నెమలికంఠం.
చూడముచ్చటగుంటయి.
ముట్టుకుంటే రెండు రోజులు గోళ్లల్ల ఉంటయి.

నేను చదివింది ఇంటర్ బైపీసీ,
నేర్చుకున్నది మొగులయ్య తాత దగ్గర.
చేరిన మొదటిరోజు
డ్రమ్ములకెల్లి గుప్పెడు రెజిన్ తీసి నా అరచేతిల పోసిండు.
తేనెరంగు పూసలు, తడితడిగ,
బొచ్చె చేప కడుపుల గుడ్ల లెక్క.
"ఇవి ఆకలి మీదున్నయి బిడ్డా," అన్నడు.
"సున్నం కనబడితే పట్టుకుంటయి.
పట్టుకోని ఊకుండవు, సోడియం ఇడుస్తయి."
"కుండమార్పిడా తాతా?" అన్న.
నవ్విండు. ముందటి పన్ను ఒకటి లేదు.
"కుండమార్పిడంటే పిల్లకు పిల్ల.
ఈడ ఒక్క కాల్షియం ఇంట్లకొస్తే
ఇద్దరు సోడియం పిల్లలు గడప దాటాలె.
లెక్క తప్పితే సంబంధమే ఆగుతది."

ఆ పూసల గొట్టం దాటినంక పొర.
చాప చుట్టినట్టు చుట్టి చుట్టి
తెల్ల గొట్టాల్ల దూర్చిన ఉల్లిపొర.
పంపు పదిహేను కిలోల ఒత్తిడితో నెడుతది,
నీళ్లు దూరుతయి, ఉప్పు దూరదు.
సున్నం ముందే దిగకపోతే ఆ పొరమీద పేరుకుంటది,
అడుగంటిన గంజి గిన్నె లెక్క.
పోయిన ఎండాకాలం ఒకసారి పేరుకుంది.
ఎనిమిది పొరలు గుజిరీకి పోయినయి.
సేటు ఒక్క మాటనలే.
ఆ సప్పుడు లేని దినం ఇంకా యాదికుంది.

అందుకే గంటకోసారి పరీక్ష, అది నా పని.
గాజు గ్లాసుల నీళ్లు, నాలుగు చుక్కలు.
దానిమ్మ రంగు తేలితే పూసలు అలిసిపోయినట్టు.
నీలం తేలితే ఇంకో గంట కూసోవచ్చు, చాయ్ తాగొచ్చు.
రెండూ కాని ఊదారంగు ఒకటుంటది,
తెల్లవారుజాము మూడింటికే వస్తది,
కండ్లను నమ్మబుద్ధి కాదు.
అప్పుడు శాబుద్దీన్ భాయిని లేపుత:
"భాయ్, ఇది ఎరుపా నీలమా?"
ఆయన ఒక్క కన్నే తెరిచి
"బైంగన్" అని మళ్లీ పండుకుంటడు.

అలిసిన పూసలకు ఉప్పునీళ్లు పట్టాలె.
సోడియం మళ్లీ ఇల్లు చేరాలె, సున్నం ఖాళీ చెయ్యాలె.
వారానికి తొమ్మిది ఉప్పు బస్తాలు కొనేటోళ్లం.
ఇటుపక్క, పొర ఒల్లనన్న ఉప్పును
ట్యాంకర్ల నింపి పైసలిచ్చి పంపేటోళ్లం.
ఏండ్లకేండ్లు.
ఒకటి కొనుడు, ఒకటి పారబోసుడు,
నడుమ ఇరవై అడుగుల గోడ.
రిటైరయ్యే యేడు మొగులయ్య తాత
ఆ గోడ ముందల, బీడీ ముట్టియ్యకుంట పట్టుకోని
చానసేపు నిలబడ్డడు.
"ఎల్లగొట్టిన పిల్లలు ఈన్నే ఉన్నరు గదనే."
గోడకు బొక్క కొట్టి పైపేసినం.

పలచటి ఉప్పు, బలం తక్కువ,
గంటల తేలే పని మూడు గంటలు పడుతది.
అయినా బస్తాలు నాలుగుకు దిగినయి.
ఇంజనీరు సారు దానికి పెద్ద పేరేదో పెట్టి బోర్డు రాయించిండు.
మేం మాత్రం మొగులయ్య బొక్క అంటం.

అంతా కలిసొచ్చిందని చెప్పను.
పూసలు దిగవిడిచిన సున్నం
ఎండబెట్టే గదిల బూడిదరంగు పొడై మిగులుతది,
రోజుకు మూడు సంచులు.
దాన్ని ఏ పూసా అడగదు, ఏ పొరా ఆపదు.
మూతి కుట్టి, తారీఖు రాసి, లారీకెక్కిస్తం.
లారీ మలుపు తిరిగినంక ఏమైతదో
నా రిజిస్టర్ల గడి లేదు.

ఐదున్నరకు, టీడీఎస్ అరవై,
మెరిసే నీళ్లు తిరిగి అద్దకపు కార్ఖానాకే పోతయి.
మా గల్లీల నల్లా మూడు రోజులకోసారి,
ఈడ గుడ్డలు జాడించే నీళ్లు ఇంత తెల్లగ.
ఒకసారి దోసిట పట్టి నాలుక మీదేసుకున్న.
ఏ రుచీ లేదు.
ఏ ఇంటివో చెప్పని నీళ్లు.

రాత్రికి మళ్లొస్తయి.
ఏ రంగుల వస్తయో
షాపూర్‌నగర్ బస్సుల కన్నంటుకోకముందే
శాబుద్దీన్ భాయితో రోజూ పందెం, ఐదు రూపాయలు.
ఇయ్యాల నేను పసుపన్న.